అక్షరాన్ని తాకని రంగు



బడిపిల్లల్ని బెలుం గుహలకు తీసుకెళ్తున్న మాస్టారు ఒకరు ఉన్నారనుకుందాం. బడి ఆళ్ళగడ్డలో కావచ్చు, నంద్యాలలో కావచ్చు. బస్సు మాట్లాడడం అయింది, తల్లిదండ్రుల సంతకాలు తీసుకోవడమూ అయింది. ఇక మిగిలింది పిల్లల చేతికివ్వాల్సిన ఒక కాగితం. ఏం చూడబోతున్నారు, లోపల ఎలా మెలగాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి, ఇవన్నీ ఒక్క పేజీలో టైపు చేసి, జిరాక్స్ తీయించి పంచాలి.

ఆ పేజీలో ఏముంటుంది? బెలుం గుహలు కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాసి లోకానికి తెలియజేశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్ళకు, 1982, 83 సంవత్సరాల్లో, డేనియల్ గెబావర్ నాయకత్వాన ఒక జర్మన్ బృందం వచ్చి లోపలి దారులను వివరంగా పరిశీలించింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. పర్యాటకాభివృద్ధి సంస్థ మెట్లు, దీపాలు, గాలి వచ్చే ఏర్పాట్లు చేసి 2002లో జనానికి తెరిచింది. మనం నడిచి చూడగలిగేది సుమారు ఒకటిన్నర కిలోమీటరు. సింహద్వారం, కోటిలింగాలు, ఊడలమర్రి, సప్తస్వరాల గుహ, ధ్యానమందిరం, చివరికి పాతాళగంగ. పాతాళగంగ దగ్గర మనం ప్రవేశద్వారం కన్నా 46 మీటర్లు కిందున్నట్టు. సున్నపురాయిని నీరు లక్షల ఏళ్ళపాటు కరిగించుకుంటూ పోతే ఏర్పడిన దారులివి.

ఇది చదవడానికి బాగానే ఉంది. కానీ ఇదే పేజీలో నిర్లక్ష్యం చేయకూడని మాటలు మూడున్నాయి. గుంపును వదిలి పక్క సందుల్లోకి వెళ్ళకూడదు. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి, ఎందుకంటే లోపల ఉక్కపోత ఎక్కువ. శిలారూపాలను తాకకూడదు, కొట్టి చూడకూడదు. సప్తస్వరాల గుహలో రాళ్ళను తడితే గంటలా మోగుతాయని విన్న పిల్లవాడు చేతులు కట్టుకుని నిలబడతాడా? అందుకే ఆ మాట కంటబడేలా రాయాలి. పాతిక వాక్యాల మధ్య ఈ మూడు వాక్యాలూ మునిగిపోకుండా చూడటమే ఇప్పుడు మాస్టారి ముందున్న పని.

ఇంగ్లీషులో టైపు చేసేవాళ్ళకు ఈ పని సులువు. ముఖ్యమైన మాటను పెద్దబడి అక్షరాల్లో కొడతారు. లేదంటే వాలు అక్షరాల్లో పెడతారు. తెలుగుకు పెద్దబడి, చిన్నబడి అనే తేడా లేదు. వాలు అక్షరం కూడా మన అచ్చులో పుట్టింది కాదు. చాలా తెలుగు ఫాంట్లలో దానికంటూ వేరే రూపం గీసి ఉండదు. వాలు బొత్తాం నొక్కితే కంప్యూటరు ఉన్న అక్షరాన్నే పక్కకు ఒరిగిస్తుంది. గుండ్రటి మన అక్షరం అలా ఒరిగితే గాలికి వంగినట్టు కనిపిస్తుందే తప్ప నొక్కి చెప్పినట్టు అనిపించదు.

సరే, కింద గీత గీద్దాం అంటారా? ఆ పేజీలోంచే ఒక మాట తీసుకోండి: సప్తస్వరాలు. ప కింద త వొత్తు ఉంది, స కింద వ వొత్తు ఉంది. గీత సరిగ్గా ఆ వొత్తుల మీదుగా పోతుంది. సింహద్వారం అన్నా అంతే, ద కింద వ వొత్తు గీతలో ఇరుక్కుంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో గీత కిందికి దిగేవి నాలుగైదే. మనకు ప్రతి రెండో మాటలో ఏదో ఒకటి కిందికి దిగుతుంది.

ఇక మిగిలింది బొద్దు అక్షరం, అంటే బోల్డ్. శీర్షికలకు అది చక్కగా సరిపోతుంది. చిన్న సైజులో, అందునా జిరాక్స్ తీశాక, బొద్దు అక్షరంలోని ఖాళీలు పూడుకుపోతాయి. ధకూ థకూ తేడా మధ్యలో ఉండే ఒక్క చుక్క. ఆ చుక్క చుట్టూ సిరా పేరుకుంటే ధ్యానమందిరం ఏ అక్షరంతో మొదలైందో పిల్లవాడు ఊహించుకోవాల్సిందే. ఊడలమర్రి అనే మాట చూడండి, అన్నీ సున్నల్లాంటి చుట్టలే. మూడు వాక్యాలు పూర్తిగా బొద్దులో పెడితే దూరానికి నల్లటి మరకలా కనిపిస్తాయి.

ఈ మూడు పద్ధతులూ ఏదో ఒక రకంగా అక్షరం ఒంటి మీదే చెయ్యి వేస్తున్నాయి. ఒకటి వంచుతుంది, ఒకటి గీకుతుంది, ఒకటి లావు చేస్తుంది. అక్షరాన్ని అలాగే ఉండనిచ్చి, దాని వెనక కాగితాన్ని మాత్రం మార్చే పద్ధతి ఒకటుంది. అదే బ్యాక్‌గ్రౌండ్ షేడింగ్, అక్షరాల వెనక లేత రంగు వేయడం. వొత్తుకు దెబ్బ తగలదు, చుక్క పూడుకుపోదు. ఇంగ్లీషు రాసేవాళ్ళకు ఇది ఉన్న నాలుగు మార్గాల్లో ఒకటి కావచ్చు. తెలుగు రాసేవాళ్ళకు మాత్రం ఇదే ముందు గుర్తుకు రావాలని నా అభిప్రాయం.

ఇప్పుడు ఇది ఎలా చేయాలో చూద్దాం. కంప్యూటరు ముందున్నవాళ్ళు వెంటనే చేసి చూడొచ్చు, లేనివాళ్ళు గుర్తు పెట్టుకుంటే చాలు.

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో దీనికి రెండు వేర్వేరు పనిముట్లున్నాయి. రెండూ చూడటానికి ఒకేలాంటి ఫలితం ఇస్తాయి, అందుకే చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. మొదటిది హైలైట్. హోమ్ అనే వరుసలో, అక్షరాల రంగు మార్చే బొత్తాం పక్కనే, కలం బొమ్మతో ఉంటుంది. పుస్తకాల మీద గీసుకునే పసుపు మార్కర్ పెన్ను ఉంది చూశారూ, దానికిది కంప్యూటర్ రూపం. జర్మనీకి చెందిన స్టబిలో కంపెనీ 1971లో బాస్ అనే మార్కర్ తెచ్చాక ఆ అలవాటు లోకమంతా పాకింది. వర్డ్ హైలైట్‌లో ఉండే రంగులు పదిహేనే. అవీ ఎక్కువ భాగం గాఢమైనవి.

రెండోది షేడింగ్. అదే హోమ్ వరుసలో, పేరాగ్రాఫ్ అనే భాగంలో, రంగు డబ్బా ఒంపుతున్న బొమ్మ ఉంటుంది. ఇందులో కావలసిన రంగు, కావలసినంత లేతగా ఎంచుకోవచ్చు. పేరాలో కొన్ని మాటలు మాత్రమే ఎంచుకుని నొక్కితే ఆ మాటల వెనకే రంగు పడుతుంది. పేరా మొత్తం ఎంచుకుని నొక్కినా, ఏమీ ఎంచుకోకుండా కర్సర్ ఆ పేరాలో ఉంచి నొక్కినా, పేరా అంతా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక పట్టీలా రంగు పరుచుకుంటుంది. మరింత వివరంగా చేయాలంటే డిజైన్ వరుసలోని పేజ్ బోర్డర్స్ నొక్కి, వచ్చిన పెట్టెలో షేడింగ్ అనే పుటకు వెళ్ళాలి. అక్కడ అప్లై టు అనే చోట టెక్స్ట్ కావాలా, పేరాగ్రాఫ్ కావాలా అని అడుగుతుంది.

డబ్బు పెట్టి కొననక్కర్లేని లిబ్రే ఆఫీస్ రైటర్‌లోనూ ఈ సౌకర్యం ఉంది. మాటల వెనక రంగుకు ఫార్మాట్ మెనూలో క్యారెక్టర్, అందులో హైలైటింగ్. పేరా మొత్తానికైతే ఫార్మాట్ మెనూలోనే పేరాగ్రాఫ్, అందులో ఏరియా. గూగుల్ డాక్స్ వాడేవాళ్ళకు మాటల రంగు హైలైట్ కలర్‌లో దొరుకుతుంది, పేరాకు బోర్డర్స్ అండ్ షేడింగ్ అనే చోట దొరుకుతుంది. యూనికోడ్ తెలుగు టైపు చేసినా, డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్లలో చేసినా రంగు ఒకలాగే పడుతుంది.

మరి హైలైట్ ఎప్పుడు, షేడింగ్ ఎప్పుడు? చిత్తుప్రతిలో మనకోసం పెట్టుకునే గుర్తుకు హైలైట్. చదివేవాళ్ళకోసం శాశ్వతంగా ఉంచే గుర్తుకు షేడింగ్. మాస్టారి పేజీలోనే చూడండి. టికెట్ ధర, గుహలు తెరిచే వేళలు మారుతుంటాయి. వాటికి చిత్తులో పసుపు హైలైట్ వేసి పెట్టుకుంటే, ప్రింటుకు ముందు సరిచూసుకోవాలని గుర్తుంటుంది. పాత కాగితాల్లోంచి తీసుకున్న చిరునామా కూడా అంతే. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడకముందు రాసిన ప్రతి కాగితంలోనూ బెలుం గుహలు కర్నూలు జిల్లాలోనే ఉంటాయి. అలాంటి చోటల్లా పసుపు పూసి, సరిచేసిన కొద్దీ రంగు తీసేస్తూ పోవాలి. వర్డ్‌లోని ఫైండ్ పెట్టెలో ఫార్మాట్ నొక్కి హైలైట్ ఎంచుకుంటే, రంగు వేసిన చోట్లన్నీ వరసగా చూపిస్తుంది. ఏ పసుపూ మిగల్లేదంటే పేజీ సిద్ధమైనట్టే.

శాశ్వతమైన గుర్తులకు షేడింగే ఎందుకు అంటే, దాన్ని ఒక స్టైల్‌గా దాచుకోవచ్చు. హెచ్చరిక అనే పేరుతో ఒక స్టైల్ తయారుచేసి, అందులో లేత బూడిద షేడింగ్ పెట్టుకోండి. పేజీలో ఎక్కడ హెచ్చరిక ఉన్నా ఆ స్టైల్ తగిలిస్తే చాలు. రేపు బూడిద బదులు లేత నీలం కావాలనిపిస్తే స్టైల్‌లో ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుంది. వర్డ్‌లో హైలైట్‌ను ఇలా స్టైల్‌లో పెట్టుకునే వీలు లేదు.

ఈ తేడా తెలియకపోతే ఇంకో చిక్కు వస్తుంది. ఏదో వెబ్‌సైట్ నుంచి గుహల సమాచారం కాపీ చేసి అతికించారనుకోండి, మాటల వెనక ఒక బూడిద రంగు కూడా వెంటబడి వస్తుంది. హైలైట్ బొత్తాంలో నో కలర్ అని ఎన్నిసార్లు నొక్కినా అది పోదు. ఎందుకంటే అది హైలైట్ కాదు, షేడింగ్. షేడింగ్ బొత్తాంలో నో కలర్ నొక్కాలి, లేదా క్లియర్ ఆల్ ఫార్మాటింగ్ నొక్కాలి. తిరగేసి చూస్తే, ఆ క్లియర్ బొత్తాం హైలైట్‌ను మాత్రం తీయదు. అతికించేటప్పుడే కీప్ టెక్స్ట్ ఓన్లీ అనే పద్ధతి ఎంచుకుంటే రంగు అసలు రాదు.

తెలుగుకు ప్రత్యేకమైన జాగ్రత్త ఇంకొకటి. వరుసల మధ్య దూరం తగ్గించి పేజీ సర్దుదామని కొందరు లైన్ స్పేసింగ్‌లో ఎగ్జాక్ట్‌లీ అనేది పెడతారు. దూరం చాలకపోతే పై గుడులూ కింది వొత్తులూ తెగిపోతాయి. రంగు పట్టీ మీద ఆ తెగిన అంచు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. షేడింగ్ వేసిన పేరాకు దూరం కాస్త ఎక్కువే ఇవ్వండి. అలాగే ఒక్క వొత్తుకే రంగు వేసి పిల్లలకు చూపిద్దామనుకునే తెలుగు ఉపాధ్యాయులకు ఈ పనిముట్టు అంతగా సహకరించదు. యూనికోడ్ తెలుగులో మౌస్‌తో ఎంచుకుంటే అక్షరం, గుణింతం, వొత్తు అన్నీ ఒక ముద్దగానే వస్తాయి.

ఇప్పుడు రంగు సంగతి. చాలామంది పొరపడేది ఇక్కడే. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుతురు తేడా ఎంతుందో లెక్కగట్టే పద్ధతి ఒకటుంది. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూత్రీసీ సంస్థ, మామూలు సైజు అక్షరాలకు ఆ నిష్పత్తి కనీసం 4.5 ఉండాలంటుంది. తెల్ల కాగితం మీద నల్ల అక్షరానికి అది 21. అంతకు మించి ఉండదు. పసుపు మీద నలుపుకు 19 పైన. పదిహేను శాతం బూడిద మీద నలుపుకు 15కు కాస్త తక్కువ. గాఢమైన ఎరుపు మీద నలుపుకు 5 దాటి కొంచెమే. ముదురు నీలం మీద నలుపు పెడితే 1.3కు పడిపోతుంది, అంటే చదవడం దాదాపు అసాధ్యం. ఎర్ర రంగు ప్రమాదానికి గుర్తు కదా అని హెచ్చరిక వెనక ఎరుపు పులిమితే, ఆ హెచ్చరికే పేజీలో అన్నిటికన్నా కష్టంగా చదవాల్సిన వాక్యమవుతుంది.

అక్షరాల రంగు ఆటోమేటిక్ అని ఉంటే, వెనక షేడింగ్ బాగా ముదురైనప్పుడు వర్డ్ తనంతట తానే అక్షరాలను తెల్లగా మారుస్తుంది. నలుపును మనం ప్రత్యేకంగా ఎంచుకుని ఉంటే మాత్రం నల్లగానే వదిలేస్తుంది.

తెర మీద బాగున్నది కాగితం మీద బాగుండాలని లేదు. మాస్టారి కాగితం వెళ్ళేది జిరాక్స్ షాపుకు. నలుపు తెలుపు జిరాక్సులో లేత పసుపు కనిపించకుండా పోతుంది. ఎరుపు, ఆకుపచ్చ రెండూ ముదురు బూడిదగా మారి ఏది ఏదో తెలియదు. మరీ లేత బూడిద చుక్కలు చుక్కలుగా రాలుతుంది. అందుకని పదిహేను శాతం దగ్గర్లో బూడిద పెట్టి, ముందు ఒక్క కాపీ తీసి చూసుకుని, తర్వాత మిగతావి తీయించడం మేలు. షేడింగ్‌కు బదులు పేజ్ కలర్ అనే సౌకర్యంతో కాగితమంతటికీ రంగు వేస్తే, మామూలు సెట్టింగుల్లో వర్డ్ దాన్ని ప్రింటు చేయదు. తెర మీద చూసి మురిసిపోయి, ప్రింటులో తెల్ల కాగితం చూసి ప్రింటరును తిట్టుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు.

మన కాగితానికి ఇంకో పరీక్ష కూడా ఉంది. దాన్ని గుహ లోపల చదవాలి. అక్కడి దీపాల వెలుతురు చాలాచోట్ల పసుపుపచ్చగా ఉంటుంది. ఆ వెలుతురులో తెల్ల కాగితమే పసుపుగా కనిపిస్తుంది, ఇక దాని మీద వేసిన పసుపు గుర్తు ఎక్కడుందో వెతుక్కోవాలి. బూడిద అయితే తేడా నిలుస్తుంది. పైగా లోపల చెమట పడుతుంది, చేతులు తడుస్తాయి. ఇంక్‌జెట్ ప్రింటులో దట్టమైన రంగు పట్టీ తడి తగిలితే కరిగి అక్షరాల మీదికి పాకుతుంది. లేజర్ ప్రింటుకూ జిరాక్సుకూ ఆ భయం తక్కువ. రంగు ఎంచుకునే ముందు చదివే చోటు ఎలా ఉంటుందో ఆలోచించాలి.

ఎంత వేయాలి అన్నది చివరి ప్రశ్నలా కనిపిస్తుంది గానీ నిజానికి మొదటి ప్రశ్న అదే. శుభలేఖకు నాలుగు మూలలా పసుపు పెడతాం, కార్డంతా పసుపులో ముంచం. ముంచితే శుభలేఖ అని తెలుస్తుందేమో గానీ ముహూర్తం ఎప్పుడో తెలియదు. బెలుం పేజీలో ఊడలమర్రి గొప్పగా ఉంటుందని దానికో రంగు, పొడవు ముఖ్యమని దానికో రంగు, భోజనం పొట్లం మరవొద్దని దానికో రంగు వేసుకుంటూ పోతే, ఉబ్బసం ఉన్న పిల్లవాడు చదవాల్సిన వాక్యం ఆ రంగుల్లో కలిసిపోతుంది. పేజీకి ఒక్క రంగు, ఆ రంగుకు ఒక్క అర్థం. మూడు హెచ్చరికలకూ ఒకే బూడిద పట్టీ. పాతాళగంగ ఎంత లోతున్నా, దానికి మామూలు తెల్ల కాగితమే చాలు.

ఇంతా చేసి, రంగు చేరని పాఠకులు కొందరుంటారు. ఎరుపు ఆకుపచ్చల తేడా పోల్చుకోలేనివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. చూపు లేని విద్యార్థి కంప్యూటరులో తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడతాడు. మామూలు సెట్టింగుల్లో ఆ గొంతు మాటలు చదువుతుంది, వాటి వెనక రంగు సంగతి చెప్పదు. అదే సమాచారాన్ని మాస్టారు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో అతికిస్తే, అక్కడికి మాటలు మాత్రమే వెళ్తాయి, షేడింగ్ వర్డ్‌లోనే ఉండిపోతుంది. ఇంకొకరు ఆ కాగితాన్ని బస్సులో మైకు పట్టుకుని చదువుతారు. అప్పుడూ రంగు ఎవరికీ వినిపించదు.

కాబట్టి బూడిద పట్టీ ఉన్న పేరా మొదట్లో హెచ్చరిక అనే మాట కూడా రాయండి. లోపల ఉక్కపోత ఉంటుంది కనుక ఉబ్బసం ఉన్నవారు గమనించగలరు అని చుట్టుతిప్పి రాయకుండా, ఉబ్బసం ఉంటే దిగేముందే మాస్టారికి చెప్పండి అని సూటిగా రాయండి. ఆ మూడు వాక్యాలనూ పేజీ అడుగున కాకుండా పైభాగంలో పెట్టండి. రంగు వేయకముందే పేజీని ఒకసారి పైకి చదవండి. ఎదురుగా ఒక పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, విన్నాక వాడు చేయకూడనివి ఏమిటో అడగండి. మూడూ చెప్పగలిగితే వాక్యాలు నిలబడ్డట్టే. అప్పుడు షేడింగ్ వేయండి. చెప్పలేకపోతే రంగు డబ్బా జోలికి వెళ్ళకండి, వాక్యాలు తిరగరాయండి.